గోదావరిఖనిలో ‘జెర్మినల్’: ఇంట్లో చూసే ఫ్రెంచి సినిమా గురించి

ఫ్రెంచి సినిమా అనగానే మన సాహిత్య మిత్రుల్లో రెండు రకాల స్పందనలు కనిపిస్తాయి. ఒకటి భక్తి, రెండోది వెటకారం. భక్తులు గొదార్, త్రుఫో, బ్రెసాన్ల పేర్లు వల్లిస్తారు. ఏ సినిమా చూశారని అడిగితే దాని మీద వచ్చిన వ్యాసం చదివామంటారు. వెటకారం చేసేవాళ్ళ దృష్టిలో ఫ్రెంచి సినిమా అంటే పారిస్‌లో ఒక కాఫీ హోటలు, ఒక ఆడమనిషి, ఇద్దరు మగవాళ్ళు, బోలెడు సిగరెట్లు. ఈ రెండింటికీ మూలం ఒకటే. చాలాకాలం మనకు ఆ సినిమాలు దొరకలేదు.

ఇవాళ ఆ సాకు లేదు. ఒకప్పుడు విదేశీ సినిమా చూడాలంటే ఫిల్మ్ సొసైటీ ఒక్కటే దారి. కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ వంటి సంస్థలు హైదరాబాదుకు దూరంగా ఉన్న జిల్లా కేంద్రంలో ఆ పని ఏళ్ళ తరబడి చేయడం చిన్న విషయం కాదు. రాయబార కార్యాలయాల నుంచో, పుణెలోని ఫిల్మ్ ఆర్కైవ్ నుంచో పెట్టె రావాలి, పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టరు దొరకాలి, కరెంటు పోకుండా ఉండాలి. ఆ తర్వాత వీడియో వచ్చింది, సీడీలొచ్చాయి, ఇప్పుడు సెల్‌ఫోనే సినిమా హాలయింది. గోదావరిఖనిలో ఒక క్వార్టరులో మంచం మీద పడుకున్న కుర్రవాడు నూరేళ్ళనాటి ఫ్రెంచి మూకీ చిత్రాన్ని పైసా ఇవ్వకుండా చూడగలుగుతున్నాడు. చూడగలుగుతున్నాడే గాని చూస్తున్నాడా, చూస్తే ఏమి చూస్తున్నాడు అన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న. సొసైటీ రోజుల్లో సినిమాను ఎంపిక చేసేది మనుషులు. వాళ్ళ అభిరుచితో తగాదా పడవచ్చు, ఏమయ్యా ఈ సినిమా ఎందుకు తెచ్చావని నిలదీయవచ్చు. ఇప్పుడు ఎంపిక చేసేది వ్యాపార సంస్థ లెక్క. నిన్న ఏది చూశావో దాని తమ్ముణ్ణే ఇవాళ చూపిస్తుంది. దానితో తగాదా పడటానికి ముఖం లేదు.

అందుకని ఎంపిక మనమే చేసుకోవాలి. నా ఎంపికకు ప్రాతిపదిక నేను పుట్టి పెరిగిన నేలే. పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల గోదావరి ఒడ్డు - 2016 తర్వాతి లెక్కలో పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలు - బొగ్గు మీద నిలబడ్డ ప్రాంతం. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూరు: ఈ ఊళ్ళను బాయిలే కన్నాయి. (బయటి పాఠకులకు ఒక మాట: మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటారు. పనికి పోవడాన్ని బాయికి పోవుడు అంటారు.) ఫ్రాన్సుకు ఉత్తరాన బెల్జియం సరిహద్దు పొడవునా ఇట్లాంటి పట్టీయే ఒకటి ఉంది. ఆ గడ్డ నుంచి వచ్చిన ఒక నవల ఆధారంగా తీసిన సినిమాలు, ఆ గడ్డ మీద బాయిలు మూతపడ్డాక తీసిన మరికొన్ని సినిమాలు - వీటిని మనవాళ్ళు మన కళ్ళతో చూడాలని నా వాదన.

నవల సంగతి సాహిత్య విద్యార్థులకు తెలిసిందే. ఎమిలీ జోలా 1884 ఫిబ్రవరిలో అంజాన్ గనుల్లో సమ్మె నడుస్తుండగా అక్కడికి వెళ్ళాడు. బాయి దిగాడు, కార్మికుల ఇళ్ళల్లో కూర్చున్నాడు, కూలి రేట్లు, జబ్బుల పేర్లు, పనిముట్ల పేర్లు రాసుకున్నాడు. ఆ సమ్మె 56 రోజులు నడిచి ఓడిపోయింది. 1885లో ‘జెర్మినల్’ పుస్తకంగా వచ్చింది. 1902లో జోలా చనిపోయినప్పుడు అంతిమయాత్రకు వచ్చిన గని కార్మికులు ఆ నవల పేరునే నినాదంగా ఇచ్చారు. రచయితకు దక్కగల గౌరవాల్లో ఇంతకు మించింది నాకు తోచదు.

దీన్ని సినిమాగా మళ్ళీ మళ్ళీ తీశారు. 1913లో అల్బేర్ కపెల్లానీ మూకీగా తీశాడు. 1963లో ఈవ్ అలెగ్రే తీశాడు. 1993లో క్లోద్ బెరి తీసింది అందరికీ తెలిసింది, సులువుగా దొరికేదీ అదే. 2021లో ఫ్రెంచి టెలివిజన్ ఆరు భాగాల ధారావాహిక కూడా చేసింది. నేను ప్రధానంగా బెరి సినిమా గురించి మాట్లాడతాను.

ఈ సినిమా పుట్టిన సందర్భం వింతైనది. ఉత్తర ఫ్రాన్సులో చిట్టచివరి బొగ్గుబాయి 1990 డిసెంబరులో మూతపడింది. మూడేళ్ళు తిరగకముందే, అంతవరకు ఫ్రెంచి సినిమా చరిత్రలోనే ఎక్కువనిపించుకున్న ఖర్చుతో, మూతపడ్డ గని ఆవరణలోనే, పని పోయిన గని కార్మికులనే గుంపుల్లో నిలబెట్టి ఈ సినిమా తీశారు. లిల్ నగరంలో తొలి ప్రదర్శనకు దేశాధ్యక్షుడు మిత్తెరాఁ స్వయంగా వచ్చాడు. బాయిలు బతికుండగా సమ్మె చేస్తే పోలీసు వచ్చేది. బాయి చచ్చాక దాని మీద సినిమా తీస్తే అధ్యక్షుడు వచ్చాడు. అదే శరత్కాలంలో అమెరికన్ ‘జురాసిక్ పార్క్’ ఫ్రాన్సులో విడుదలైంది. ప్రపంచ వాణిజ్య చర్చల్లో సినిమాను సరుకుగా చూడకూడదని ఫ్రాన్సు వాదిస్తున్న రోజులవి. దాంతో ‘జెర్మినల్’ జాతీయ జెండా అయిపోయింది. జోలా రాసింది ఒక వర్గం గురించి, 1993లో దాన్ని ఒక జాతి సొత్తుగా ఊరేగించారు. సినిమా చూసేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోవాలి.

దీని బలం ఎక్కడుందంటే పనిని చూపించడంలో. మన సినిమాల్లో కార్మికుడు పని చేయడు, కార్మికుడిగా ఉంటాడు. ఒంటి మీద ఖాకీ బట్టలు, చేతిలో టిఫిను డబ్బా. బెరి సినిమాలో పంజరంలాంటి తొట్టిలో మనుషుల్ని కుక్కి కిందికి వదలడం, పక్కకు పడుకుని బొగ్గు తొలవడం, నిక్కర్లతో ఆడపిల్లలు టబ్బులు నెట్టడం, రాత్రి వచ్చాక ఒకే గంగాళంలో ఒకరి తర్వాత ఒకరు ఒళ్ళు కడుక్కోవడం - ఇవి తొందర లేకుండా కనిపిస్తాయి. ఈవ్ ఆంజెలో కెమెరా పనికి బహుమతి వచ్చిందంటే న్యాయమే. మరీ ముఖ్యంగా తగాదా ఎక్కడ మొదలవుతుందో సినిమా మరిచిపోలేదు. కంపెనీ కర్రకొట్టుడుకు, అంటే పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పనికి, విడిగా డబ్బిస్తానంటుంది. దాని బదులు టబ్బు రేటు యాభై సెంటీముల నుంచి నలభైకి తగ్గిస్తానంటుంది. పైకి చూస్తే కార్మికుడి ప్రాణరక్షణ కోసమే ఈ మార్పు. లెక్క వేస్తే కూలి తగ్గింది.

మా దగ్గర దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు. వేతనాల చెల్లింపు చట్టంలో, నోటీసు లేకుండా పదిమంది కలిసి పని ఆపితే ఎనిమిది రోజుల దాకా జీతం కోయవచ్చునన్న నిబంధన 1936 నుంచి ఉండేది. ఒక్కరోజు పని ఆపితే ఎనిమిది రోజుల కోత. సింగరేణిలో 1981 నాటి పెద్ద సమ్మె వెనుక ఉన్నది ఈ లెక్కే. పెద్ద పోరాటాలు పెద్ద మాటలతో మొదలుకావు. చీటీ మీద అంకె మారినప్పుడు మొదలవుతాయి. దీన్ని జోలా 1885లో పట్టుకున్నాడు, బెరి చెడగొట్టలేదు.

ఇక లోపాలు. మయూ పాత్రకు జెరార్ దెపార్‌దియూను తీసుకోవడం మొదటిది. నటుడిగా అతడు గొప్పవాడు కావచ్చు. రొట్టెముక్క లేక పిల్ల చచ్చిపోయిన ఇంటి యజమానికి ఆ పొట్ట ఎక్కడిదన్నది తెర మీద అతను కనిపించినప్పుడల్లా వచ్చే అనుమానం. దీనికి భిన్నంగా ఎతియెన్‌గా వేసిన రెనో నటుడు కాడు, పాటగాడు. తల్లి తరఫున అతనిది గని కార్మికుల కుటుంబం. అతనికి నటన అంతగా రాకపోవడమే పాత్రకు కలిసొచ్చింది. మాటలు వెతుక్కునే కార్మికుడిగా నమ్మేటట్టున్నాడు.

రెండోది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, బాయిలోకి నీళ్ళు రావడం. కథలో సువారిన్ అనే రష్యన్ అరాచకవాది రాత్రిపూట వెళ్ళి బాయిగోడకు కట్టిన చెక్కల తొడుగును కోసేస్తాడు. నీళ్ళు విరుచుకుపడతాయి. సమ్మె ఓడిపోయి తిరిగి పనికొచ్చిన కార్మికులు లోపల చిక్కుకుంటారు. నవలలో దీనికి ముందూ వెనుకా ఉంది. ఆ బాయి అడుగున పొంచి ఉన్న నీళ్ళ గురించీ, కంపెనీ మరమ్మతుల పిసినారితనం గురించీ జోలా పాఠకుణ్ణి ముందునుంచే సిద్ధం చేస్తాడు. సినిమాలో ఆ సన్నాహం పలుచబడి రంపం పట్టుకున్న మనిషొక్కడే గుర్తుంటాడు. అంటే, బాయి మునగడానికి కారణం అతివాది. పాలకవర్గానికి ఇంతకంటే ఇష్టమైన కథ ఉండదు.

చరిత్ర ఏమి చెబుతున్నది? నవల వచ్చిన ఇరవైఒక్క ఏళ్ళకు, 1906 మార్చిలో, ఆ ప్రాంతంలోనే కూరియేర్ గనుల్లో పేలుడు జరిగి 1,099 మంది చనిపోయారు. 1975 డిసెంబరులో బీహారు చాస్నాలాలో పైనున్న పాత పనుల్లో నిలిచిన నీళ్ళు గోడ బద్దలుకొట్టుకొని వచ్చి 375 మందిని మింగాయి. 2003 జూన్ 16న మా గోదావరిఖని సెవెన్ ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్ళు వచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఈ మూడు చోట్లా ఏ సువారినూ లేడు. గోదావరిఖనిలో ఈ సినిమా చూస్తున్నవాడికి ఆ దృశ్యం దగ్గర వచ్చే దుఃఖం వేరు, ఆ దృశ్యం చెప్పే కారణం మీద వచ్చే కోపం వేరు. విమర్శకుడు రెండింటినీ విడదీసి చూడగలగాలి.

మూడోది, గుంపు. ఆకలిగొన్న ఆడవాళ్ళు అప్పుల కొట్టు మెగ్రా శవం మీద ప్రతీకారం తీర్చుకునే ఘట్టాన్ని బెరి కళ్ళు తిప్పుకోకుండా తీశాడు. మెగ్రా అప్పు పద్దుకు బదులు ఇళ్ళల్లోని ఆడపిల్లల్ని కోరినవాడు. ఆ ఆగ్రహానికి హేతువుంది. అయితే ఆ హేతువును సమ్మె కమిటీ మాటల్లో కాకుండా జంతువుల అరుపుల్లో వినిపించడం జోలా నుంచే సంక్రమించిన జబ్బు. ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో బాల్జాక్‌ను జోలాల కంటే ఎత్తున ఎందుకు నిలబెట్టాడో, లూకాచ్ 1936లో కథనానికీ వర్ణనకూ తేడా చెబుతూ జోలాను ఎందుకు తప్పుపట్టాడో మన పత్రికల్లో చాలాసార్లు చర్చకు వచ్చింది. సహజవాదం మనిషిని పరిసరాలకూ నెత్తురుకూ బందీని చేస్తుందన్నది సారాంశం. ఆ వాదనతో నాకు పేచీ లేదు. కాని మన విద్యార్థులు లూకాచ్ తీర్పు చదివి జోలాను చదవకుండా వదిలేయడం చూశాను. గోర్కీ ‘అమ్మ’ మనకు ఇంటి పుస్తకమయింది. బాయి కింది గాలి ఎట్లా ఉంటుందో తెలియాలంటే మాత్రం ఇప్పటికీ జోలా దగ్గరికే పోవాలి, లేదా మన అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి.చంద్‌ల దగ్గరికి రావాలి. సృజనాత్మక రచయితకు పనికొచ్చేది తీర్పు కంటే ఆ గాలి.

సినిమాలో నిలిచే పాత్ర మయూద్. మియూ-మియూ వేసింది. మొదట్లో సమ్మె వద్దంటుంది, మొగుడు తూటాకు పడ్డాక లొంగవద్దంటుంది, చివరికి మిగిలిన పిల్లల కడుపు కోసం తనే బాయి దిగుతుంది. ఫ్రాన్సులో ఆడవాళ్ళు భూగర్భంలో పనిచేయడాన్ని 1874లో చట్టం నిషేధించింది. కథాకాలం అంతకు ముందుది. మన దేశంలో 1937 నాటికి నిషేధం పూర్తయింది, యుద్ధం రోజుల్లో బొగ్గు కావలసొచ్చి 1943లో సడలించారు, 1946లో మళ్ళీ పెట్టారు. 2019లో కొన్ని షరతులతో తిరిగి అనుమతించారు. చట్టం ఆడవాళ్ళను ఎప్పుడు కాపాడిందో, ఎప్పుడు పిలిచిందో ఆ సంవత్సరాలే చెబుతున్నాయి.

బాయిలు మూతపడ్డాక ఏమయింది? దీనికి బెరి దగ్గర జవాబు లేదు, మరో మూడు సినిమాల దగ్గర ఉంది. బెర్‌త్రాఁ తవెర్నియే 1999లో తీసిన ‘ఇవాళే మొదలు’ (ఫ్రెంచి పేరుకు నా తెలుగు ఇది) అంజాన్ ఉన్న ఆ వాలెన్సియెన్ ప్రాంతంలోనే జరుగుతుంది. కథానాయకుడు పసిపిల్లల బడి పంతులు. గనులు పోయి పనుల్లేని ఇళ్ళ నుంచి పిల్లలు బడికి వస్తారు. బిల్లు కట్టలేదని ఒక ఇంటికి కరెంటు కోస్తారు. తాతముత్తాతలు దేశానికంతా బొగ్గు తవ్వి ఇచ్చిన ఊళ్ళో పసిపిల్లలున్న ఇల్లు చలికాలంలో చీకట్లో ఉంటుంది. రామగుండం పొగగొట్టాల నీడలో ఉన్న పల్లెల మీద కథ రాయదలచినవాళ్ళు దీన్ని తప్పక చూడాలి. కథనంలో అక్కడక్కడ పంతులు మరీ మంచివాడైపోవడం తప్ప పెద్ద లోపం కనిపించదు.

లోరాఁ కాంతె తీసిన ‘మానవ వనరులు’ కూడా 1999దే. చదువుకున్న కొడుకు, ముప్పై ఏళ్ళుగా తండ్రి యంత్రం ముందు నిలబడ్డ ఫ్యాక్టరీకే యాజమాన్యం వైపు శిక్షణకు వస్తాడు. తీసేయబోయే వాళ్ళ జాబితాలో తండ్రి పేరుంటుంది. కొడుకు పాత్రధారి తప్ప దాదాపు అందరూ వృత్తి నటులు కానివాళ్ళే. సమ్మె చేయనంటున్న తండ్రి మీద కొడుకు అరిచే ఘట్టం ఉంది. తండ్రి తన పని గురించి పడే సిగ్గు కొడుకులోకి ఎట్లా దిగిందో అక్కడ బయటపడుతుంది. మా కాలనీల్లో అండర్‌మేనేజర్లయిన ఫిల్లర్ల కొడుకులు చాలామంది ఉన్నారు. వాళ్ళ కథ తెలుగులో ఇంకా ఎవరూ సరిగ్గా రాయలేదు. స్తెఫాన్ బ్రిజె ‘బజారు ధర్మం’ (2015) గురించి ఒక్కమాట: పని పోయిన యాభై ఏళ్ళ కార్మికుడు సూపర్‌బజారులో కాపలా ఉద్యోగం సంపాదించి, తోటి గుమాస్తాల దొంగతనాల మీద నిఘా వేయవలసి రావడం కథ. లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు నలభై వేల దరిదాపులకు తగ్గి, ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టల కింద ఊళ్ళు పోయి, కంట్రాక్టు పని మిగిలిన మా నేల మీద ఇది పరాయి కథ కాదు.

ఇక్కడ ‘దసరా’ (2023) ప్రస్తావన తేక తప్పదు. గోదావరిఖని పక్కన బొగ్గు పల్లె అని చెప్పి తీసిన ఆ తెలుగు సినిమాలో కథానాయకుడు మా మాట మాట్లాడాడు. హాస్యగాడికీ రౌడీకీ మాత్రమే కేటాయించిన భాష నాయకుడికి దక్కడం సంతోషమే. అయితే అందులో బొగ్గు గూడ్సు బండి మీద నుంచి దొంగిలించే సరుకు, ఒంటికి పూసుకున్న రంగు, పని కాదు. తగాదా అంతా సారా బారు చుట్టూ తిరుగుతుంది. తమాషా ఏమిటంటే బెరి సినిమాలో మాండలికం విషయం తిరగబడింది. పని అంతా ఉంది, ఆ నేల మాట మాత్రం పారిస్ మాటకు దగ్గరగా జరిగింది. రెండు సినిమాలనూ పక్కపక్కన పెడితే ఒక మంచి సినిమాకు కావలసినవన్నీ దొరుకుతాయి.

ఇంట్లో చూడటమనే విషయానికి మళ్ళీ వస్తాను. ఈ సినిమాలన్నిటికీ ఇంగ్లీషు అక్షరాలుంటాయి, తెలుగువి లేవు. అంటే ఇల్లు చేరిన సినిమా ఇంట్లో ఒక్కరికే చేరుతుంది. ఇంగ్లీషు మీడియం మనవడికి. అతను చెవుల్లో తీగ పెట్టుకొని ఒంటరిగా చూస్తాడు. పక్క గదిలో ముప్పై ఏళ్ళు బాయి దిగిన తాత ఉంటాడు. ఆ సినిమా ఎవరి గురించో అతనికి చూసే వీల్లేదు.

ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో ఒక ఇంట్లో మేం కొందరం ఒక ప్రయత్నం చేశాం. పాతికమంది కూర్చున్నారు, సగం మంది రిటైరైన కార్మికులు, వాళ్ళ ఇంటివాళ్ళు. ‘జెర్మినల్’ నడుస్తుంటే నేను పక్కన నిలబడి మాటలు తెలుగులో చెబుతూ పోయాను. రెండున్నర గంటల పైచిలుకు సినిమా నాలుగు గంటలు పట్టింది, ఎందుకంటే వాళ్ళు ఆపించారు. ప్రేమ దగ్గర ఎవరూ ఆపించలేదు. కర్రకొట్టుడు రేటు చీటీ అంటించిన చోట ఒక పాత టింబర్‌మన్ ఆపించి, “గీ కర్రకు పైసలెవలిస్తరు, ఎన్ని గజాలకు ఎంత, మల్లొకసారి చెప్పు సారూ” అన్నాడు. చెప్పాను. వేళ్ళ మీద లెక్కేసి, “రోజుకు టబ్బున్నర పోయినట్టు” అని పక్కనాయనకు చెప్పాడు. నీళ్ళు వచ్చే ఘట్టంలో ఇద్దరు లేచి బయటికి వెళ్ళారు, అయిపోయాక వచ్చారు. సువారిన్ ఎవరని ఒకావిడ అడిగింది. రష్యా నుంచి వచ్చినవాడని చెప్పాను. “మరి మ్యానేజరుకు ముందే తెల్వదా, నీళ్ళున్నయని?” అంది. నేను పైన రెండు పేరాల్లో చేసిన విమర్శ ఆమె ప్రశ్నలో ఉన్నదే.

ఆ తర్వాత ఆ సినిమాకు తెలుగు అక్షరాలు తయారుచేసే పని మొదలుపెట్టాం. ముందుగా పేచీ వచ్చింది ఏ తెలుగు అని. పుస్తకాల తెలుగు పెడితే తెర మీద చదవడానికి సమయం చాలదు, పైగా ఆ నోళ్ళకు నప్పదు. ‘కామ్రేడ్’ను అట్లాగే ఉంచాలని కొందరు, ‘అన్నా’ అనాలని కొందరు. ఎతియెన్ కొత్తగా వచ్చిన పరాయి ఊరివాడు కనుక మొదట్లో అతనితో ఇంటివాళ్ళు ‘నువ్వు’ అనాలా ‘మీరు’ అనాలా అన్నది ఒక సాయంత్రమంతా నడిచింది. ఫ్రెంచిలోనూ ఈ రెండూ ఉన్నాయి, ఇంగ్లీషు అక్షరాలు ఆ తేడాను మింగేశాయి. ఎప్పుడు ‘మీరు’ పోయి ‘నువ్వు’ వస్తుందో తెలియాలంటే ఫ్రెంచి వినాలి. ఆ భాష వచ్చినవాళ్ళు మాలో లేరు. హైదరాబాదులో ఫ్రెంచి చదువుతున్న ఒక విద్యార్థిని వారానికో గంట ఫోనులో విని చెబుతున్నది. పనిముట్ల పేర్లకు మాత్రం ఎవరి సాయమూ అవసరం పడలేదు. టబ్బు, లైను, సర్దార్, షిఫ్టు, కర్ర - బాయి మాటలన్నీ మా వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఇప్పటికి సమ్మె మొదలయ్యే దాకా వచ్చాం. ఈ పనిలో పాలుపంచుకోదలచిన రచయితలూ విద్యార్థులూ, ముఖ్యంగా ఫ్రెంచి తెలిసినవాళ్ళు, ఈ పత్రిక ద్వారా రాయవచ్చు.